ఆటలో మా పాపకి ప్రతిసారీ రాక్షసి వేషమే

హొరమావు_అమ్మ
పోయిన శనివారం బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ప్రొజెక్టర్ పెట్టి పిల్లలకి సినిమా వేశారు. తెలుగు సినిమానే, కానీ అన్ని భాషల వాళ్ళూ ఉంటారని హిందీ డబ్బింగ్ వేశారు. నిధి వేట, గుహలు, ఏనుగులు, కత్తులు, అంతా సందడిగా ఉంది. పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఆ ఒక్క సినిమాతో గొడవ కాదు. అందులో హీరో వాళ్ళకి అడ్డం పడే అడవి జాతి ఒకటి ఉంటుంది. ఒళ్ళంతా మసి పూసినట్టు నల్లగా ఉంటారు, పళ్ళు బయటపెట్టి అరుస్తూ ఉంటారు, వాళ్ళకి ఒక్క మాట ఉండదు. హీరో చెల్లెలు తెలుపు, రాజమాత తెలుపు, చివరికి గుర్రాలకి గడ్డి వేసేవాడు కూడా తెలుపే.

ఆదివారం పొద్దున పిల్లలు కింద పార్కింగ్‌లో అదే ఆట మొదలుపెట్టారు. మా పాపకి ఎనిమిదేళ్ళు. మా అత్తగారి రంగు వచ్చింది, మంచి నలుపు, జుట్టేమో రింగులు రింగులు. వేషాలు పంచుకునేటప్పుడు "నువ్వు జంగిల్ గ్యాంగ్, నీకు మేకప్ కూడా అక్కర్లేదు" అన్నారట. అన్న పిల్ల చెడ్డది కాదు, రోజూ మా ఇంట్లో దోసె తినే పిల్లే. మా పాప ఏడవలేదు. పైకి వచ్చి వాష్‌బేసిన్ దగ్గర స్టూల్ వేసుకుని మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది. ఏంటమ్మా అంటే, "సినిమాలో వాళ్ళది మేకప్ అంట కదా, షూటింగ్ అయ్యాక కడిగేస్తే పోయిందంట కదా" అంది. ముందురోజు రాత్రి వాళ్ళ నాన్న ఫోన్‌లో మేకింగ్ వీడియో చూపించారు, అది పట్టుకుంది.

సబ్బు చేతిలోంచి తీసుకున్నాను గానీ ఏం చెప్పాలో నోట మాట రాలేదు. "నువ్వు నా బంగారం" అంటే తను ఇప్పుడు నమ్మట్లేదు. రెండు విషయాలు అడుగుతున్నాను. ఆ వయసు పిల్లకి ఏం చెప్పాలి? నల్ల పిల్ల కథలో ముందు నడిచే సాహస సినిమాలు ఉన్నాయా? "మనసు అందంగా ఉంటే చాలు" రకం వద్దు. ఆ పిల్ల పడవ నడపాలి, కొండ ఎక్కాలి, దారి కనిపెట్టాలి, అలాంటివి కావాలి.

రెండోఆట
సినిమాని సినిమాలా చూడండి మేడమ్. మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో రామాయణం ఆడుకుంటే నన్ను ఎప్పుడూ కుంభకర్ణుణ్ణే చేసేవాళ్ళు, లావుగా ఉండేవాణ్ణని. నాకేం కాలేదు. పిల్లలు మర్నాటికి మర్చిపోతారు, మనమే పట్టుకుని కూర్చుంటాం.

కోరమంగల_కోడలు
పిల్లలు మర్చిపోరన్నా. ముప్పై ఏళ్ళ తర్వాత మీరు కూడా కుంభకర్ణుడి సంగతి ఇక్కడ రాశారు కదా.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
రెండోఆట అన్నకి మొదటి ఆటలోనే ఇంటర్వెల్ పడింది.

గోధుమరంగు
అక్కా, ముందు మొవానా అనే డిస్నీ యానిమేషన్ సినిమా చూపించండి. 2016లో వచ్చింది. పసిఫిక్ దీవుల పిల్ల, చామనఛాయ, ఒత్తైన రింగుల జుట్టు. సముద్రం దాటేది తనే, తెరచాప తాడు లాగేది తనే, పెళ్ళి గొడవ అసలు లేదు. గొంతు ఇచ్చిన ఔలీ క్రవాల్యో కూడా హవాయి అమ్మాయే, ఎంపికైనప్పుడు పద్నాలుగేళ్ళు.

నాకు అందులో బాగా నచ్చింది ఏంటంటే, సినిమా తయారవుతుండగానే ఆ దీవుల పండితుల్ని, పడవలు నడిపేవాళ్ళని, నాట్యం తెలిసినవాళ్ళని కూర్చోబెట్టుకుని అడిగారు. మావుయి అని అర్ధదేవుడి పాత్ర ఉంటుంది, మొదట బోడిగుండుతో గీశారట. తాహితీ దీవి వాళ్ళు కుదరదు, మావుయికి జుట్టు ఉండాల్సిందే అన్నారు, మార్చారు. ఇంకోచోట మొవానా కోపంతో కొబ్బరికాయలు విసిరికొట్టే సీన్ అనుకుంటే అదీ వద్దన్నారు. వాళ్ళకి తిండీ నీళ్ళూ తాడూ అన్నీ ఆ చెట్టే. మన ఇంట్లో ఎవరైనా అన్నం కంచం కాలితో తన్నితే ఎలా ఉంటుందో వాళ్ళకి అలా ఉంది. ఆ సీనూ పోయింది.

రెండోఆట
అంత అడిగి తీసినవాళ్ళే రిలీజ్‌కి ముందు పిల్లల డ్రెస్సు ఒకటి అమ్మకానికి పెట్టారు, అది కూడా చెప్పండి మరి. మావుయి వేషం, గోధుమరంగు ఒంటి తొడుగు, దాని మీద పచ్చబొట్లు. అంటే ఇంకో మనిషి చర్మాన్ని చొక్కాలా తొడుక్కోవడం. దీవుల వాళ్ళు మండిపడితే 2016 సెప్టెంబర్‌లో వెనక్కి తీసుకున్నారు. మావుయిని మరీ అంత లావుగా గీస్తారా అని న్యూజిలాండ్ ఎంపీ ఒకావిడ కూడా అడిగింది. కాబట్టి ఆకాశానికి ఎత్తకండి, వ్యాపారం వ్యాపారమే.

గోధుమరంగు
అడిగారు కాబట్టే వెనక్కి తీసుకున్నారు. నేను చెప్పేదీ అదే. మన సినిమాల విషయంలో అడిగేది ఎవరు?

కెమెరా_కన్ను
పదకొండేళ్ళుగా ఇక్కడే వీఎఫ్‌ఎక్స్ పనిలో, అంటే సినిమాలకి కంప్యూటర్‌లో దృశ్యాలు తయారు చేసే పనిలో ఉన్నాను, కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

మన దగ్గర పెద్ద సాహస సినిమా అంటే 2015 బాహుబలి గుర్తొస్తుంది, కాలకేయులు గుర్తొస్తారు. కాలకేయుల నాయకుడిగా వేసిన ప్రభాకర్ గారి అసలు రంగు అది కాదు, పూశారు. ఆ జాతి కోసం తమిళ రచయిత మదన్ కార్కీ గారు కిలికి అని ఒక భాషే తయారు చేశారు, దానికి వ్యాకరణం కూడా ఉంది. పనివాడిగా నేను ఆ కష్టానికి దండం పెడతాను. కానీ చూడండి, వ్యాకరణం దొరికిన ఆ జాతికి ఒక ఇల్లు చూపించలేదు, ఒక పొయ్యి చూపించలేదు, ఒక పిల్లవాణ్ణి చూపించలేదు. ఇంటికి తిరిగి వెళ్ళాల్సిన మనుషుల్లా వాళ్ళు ఎక్కడా కనపడరు. చూసే పిల్లలు పట్టుకునేది అదే, నలుపు అంటే ఇల్లు లేని గుంపు అని.

ఇంకోటి. "నల్లగా ఉంటే కెమెరాలో సరిగ్గా రారు" అని సెట్‌లో చాలాసార్లు విన్నాను. అది కెమెరాకి మనిషి నేర్పిన అలవాటు. ఫిల్మ్ రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి షర్లీ కార్డు అని ఉండేది, అందులో ఉన్నది తెల్లమ్మాయి ఫొటో. ఆమె చర్మం సరిగ్గా వస్తే చాలు, రంగులు కుదిరినట్టే లెక్క. నల్ల పిల్లలు తెల్ల పిల్లల పక్కన కూర్చుని స్కూల్ గ్రూప్ ఫొటో దిగితే కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ పడేవి కాదు. తల్లిదండ్రులు మొత్తుకున్నారు, ఎవరూ వినలేదు. తర్వాత చాక్లెట్ కంపెనీల వాళ్ళు, చెక్క ఫర్నిచర్ వాళ్ళు వచ్చి మా సరుకు రంగుల్లో తేడా మీ ఫిల్మ్ మీద కనపడట్లేదు అన్నాక గోధుమ, ముదురు రంగులు బాగా పడేలా మార్పులు మొదలయ్యాయి. తల్లుల మాట కన్నా చాక్లెట్ మాట ముందు వినపడింది. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు.

నిజానికి నల్లటి చర్మం మీద వెలుగు ఎంత అందంగా నిలుస్తుందో. ఎదురుగా లైటు కొడితే ఏమీ ఉండదు. పెద్ద మెత్తటి లైటు పక్కకి పెడితే చెంప ఎముక మీద, భుజం మీద సన్నటి మెరుపు గీత వస్తుంది. తెల్ల చర్మం మీద ఆ గీత అంతగా తేలదు.

అక్కా, మీ పాపకి ఒకటి చెప్పండి. రింగుల జుట్టు గీయడం యానిమేషన్‌లో చాలా కష్టమైన పనుల్లో ఒకటి. లాగితే సాగాలి, వదిలితే మళ్ళీ చుట్టుకోవాలి, ఒక రింగు ఇంకో రింగులోకి దూరిపోకూడదు. 2012లో వచ్చిన బ్రేవ్ సినిమాలో కథానాయిక ఎర్ర రింగుల జుట్టు కోసం ఉన్న సాఫ్ట్‌వేర్ పనికిరాక కొత్తది రాసుకున్నారు. మొవానా జుట్టుకీ అంతే, మళ్ళీ కొత్తగా రాయాల్సి వచ్చింది. మీ పాప జుట్టు తెర మీదికి రావాలంటే పెద్ద పెద్ద ఇంజనీర్లు ఏళ్ళ తరబడి కూర్చోవాలి. తను పొద్దున్నే దువ్వెన పెట్టి విసుక్కునే జుట్టు అది.

కోరమంగల_కోడలు
ఇది చెప్పండి అక్కా, "నువ్వు బంగారం" కన్నా ఇది నమ్ముతుంది.

బన్నేరుఘట్ట_రోడ్డు
2016లో జంగిల్ బుక్ వచ్చింది కదా, అది అమెరికాలో కన్నా ఒక వారం ముందే మన దగ్గర రిలీజ్ అయింది. మోగ్లీగా వేసిన నీల్ సేఠీ న్యూయార్క్‌లో పుట్టిన మన భారతీయుల పిల్లాడే. అడవి మొత్తం లాస్ ఏంజెలెస్ స్టూడియోలో కంప్యూటర్‌లో తయారైంది, దాదాపు సినిమా అంతా కనపడే మనిషి ఆ పిల్లాడొక్కడే. మావాడు అది చూసి వచ్చి రెండేళ్ళ పాటు వాళ్ళ తాతగారి ఎర్ర తువ్వాలు నడుముకి కట్టుకునే తిరిగాడు. పెళ్ళికి కూడా అదే కట్టుకుంటానని పేచీ. తనలాంటి పిల్లాడు కనపడితే పిల్లలు ఎలా అతుక్కుపోతారో నాకు ఆ తువ్వాలు చెప్పింది.

పాత_క్యాసెట్
రెండోఆట గారు సినిమాని సినిమాలా చూడమన్నారు. నేనూ అలాగే అనేవాణ్ణి, 1998లో ఆఫీసు పని మీద విదేశం వెళ్ళేదాకా.

1984లో ఇండియానా జోన్స్ అనే హాలీవుడ్ సాహస సినిమాల వరసలో రెండో సినిమా వచ్చింది, టెంపుల్ ఆఫ్ డూమ్. కథ మన దేశంలో జరుగుతుంది. రాజుగారి విందులో కోతి మెదడు, కళ్ళు తేలే సూప్, పాము కడుపులోంచి పాములు. కాళిని పూజించేవాళ్ళు మనుషుల గుండెలు పీకుతారు. స్క్రిప్ట్ చూసి మన ప్రభుత్వం అభ్యంతరం పెడితే శ్రీలంక వెళ్ళి క్యాండీ దగ్గర తీశారు. విలన్ మన అమ్రీష్ పురి, దాని కోసమే గుండు కొట్టించుకున్నాడు. మేమంతా వీడియో క్యాసెట్ అద్దెకి తెచ్చుకుని చూసి చప్పట్లు కొట్టాం, మనవాడు హాలీవుడ్‌లో వేశాడని.

పద్నాలుగేళ్ళ తర్వాత ఆఫీస్ క్యాంటీన్‌లో నేను డబ్బా మూత తీస్తుంటే పక్క సీటాయన, మంచివాడే, నాకు కారు నడపడం నేర్పినవాడు, "మీ దగ్గర నిజంగా కోతి మెదడు తింటారా, నేను చిన్నప్పుడు సినిమాలో చూశాను" అన్నాడు. నా డబ్బాలో ఉన్నది తోటకూర పప్పు. నేను నవ్వేశాను గానీ ఆ రోజు తినబుద్ధి కాలేదు, మూత పెట్టేశాను. ఆయనకి నా మీద ద్వేషం ఏమీ లేదు, చిన్నప్పుడు చూసిన ఆ ఒక్క విందు తప్ప మా గురించి ఇంకేమీ చూడలేదు, అంతే. ఈ పాపతో ఆడుకునే పిల్లలకీ అంతే, అడవి మనుషుల గురించి చూసింది ఆ ఒక్క సినిమానే.

అదే సినిమాలో హీరో వెంట తిరిగే చిన్న కుర్రాడు ఉంటాడు, షార్ట్ రౌండ్. వేసింది కే హుయ్ క్వాన్, వియత్నాం నుంచి శరణార్థిగా వెళ్ళిన పిల్లవాడు. పెద్దయ్యాక ఆసియా ముఖానికి వేషాలు లేక నటన మానేసి తెర వెనక ఫైట్ల పనికి వెళ్ళాడు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత తిరిగొచ్చి 2023లో ఆస్కార్ తీసుకున్నాడు. ప్రతిభ మధ్యలో ఎక్కడికీ పోలేదు కదా, పిలిచేవాళ్ళు లేకపోయారు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
తోటకూర పప్పు దగ్గర గొంతు పట్టేసింది సార్.

రెండోఆట
పాత_క్యాసెట్ గారూ, మీ మాట ఒప్పుకుంటున్నాను, మనసు పెట్టే చదివాను. కానీ రాసేవాడి వైపు నుంచి కూడా చూడండి. సాహస కథకి విలన్ కావాలి. నల్ల విలన్ వద్దు, లావు విలన్ వద్దు, మెల్లకన్ను వద్దు, కుంటికాలు వద్దు అంటే చివరికి ఎవర్ని పెట్టాలి? భయం లేకుండా పిల్లల కథ ఉండదు.

కెమెరా_కన్ను
నల్ల విలన్ ఉండొచ్చు అన్నా. హీరో పక్కన కూడా ముగ్గురు నల్లవాళ్ళు ఉంటే అప్పుడు విలన్ నలుపు ఎవరూ పట్టించుకోరు. ఒక వైపంతా తెలుపు, ఒక వైపంతా నలుపు పెట్టి జట్లు విడగొడితేనే తంటా.

నల్లమల_నీరు
నాలుగేళ్ళు శ్రీశైలం అడవి దగ్గర బడిలో పని చేసి ఇప్పుడు ఇక్కడ కేఆర్ పురంలో ఉంటున్నాను. "అడవి జాతి" అనే మాట వినగానే నాకు చెంచు పిల్లల ముఖాలు గుర్తొస్తాయి, అందుకే ఈ చర్చ చదువుతూ ఊరుకోలేకపోయాను.

సాహసం అంటారు కదా, చెంచులు తేనె తీయడం చూడండి. కొండ అంచు నుంచి తాడు మీద వేలాడతారు, కింద లోయ, ముఖం చుట్టూ తేనెటీగలు, ఒక చేత్తో పొగ. పైన తాడు కాపలా కాసేది బావమరిది అని ఒక పెద్దాయన చెప్పాడు. ఎందుకంటే తన తోబుట్టువు పసుపు కుంకుమలు ఆ తాడుకే వేలాడుతున్నాయి, వాడు చస్తే వదలడు. ఈ ఒక్క మాటలో ఒక సినిమా ఉంది. మన డైరెక్టర్లకి అడవి అంటే మసి, ఎముకల దండ తప్ప ఈ తాడు కనపడదు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోనే పెద్దది, అందులో పులి అడుగులు చూసి దారి చెప్పే పనిలో చెంచులు ఉన్నారు. దారి కనిపెట్టే పిల్ల కావాలన్నారు కదా అక్కా, అక్కడ నిజంగానే ఉన్నారు.

ఇంకో సంగతి. మన పెద్దవాళ్ళ కథల్లో అడవి పిల్ల రాక్షసి కాదు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళి చేసుకున్నాడు, చెంచులకి ఆయన అల్లుడు. కనుమ రోజు నుంచి పారువేట అని స్వామి పల్లకీలో నెల పైన ఊరూరా తిరిగి తన పెళ్ళికి పిలుస్తాడు. అంటే మన దేవుడే వెళ్ళి అడవి వాళ్ళతో వియ్యం అందుకున్నాడు. మరి పిల్లల సినిమాలోకి వచ్చేసరికి ఆ అత్తవారింటి వాళ్ళకి నోట్లో మాట లేకుండా ఎవరు చేశారు?

హొరమావు_అమ్మ
ఈ తాడు కథ పాపకి ఇప్పుడే చదివి వినిపించాను. "బావమరిది నిద్రపోతే?" అని అడిగింది. ఏం చెప్పను?

నల్లమల_నీరు
నిద్రపోడు అని చెప్పండి.

వంశధార
అందరూ రంగు గురించే రాస్తున్నారు, యాస సంగతి ఏటి? డబ్బింగ్ పిల్లల సినిమాలు చాలా చూశాను మా అబ్బాయితో. తెలివైన హీరో పుస్తకం తెలుగు మాట్లాడతాడు. గాడిదకి, దొంగకి, తిండిపోతుకి మా శ్రీకాకుళం యాస పెడతారు, లేదంటే తెలంగాణ. మావాడు ఫోన్‌లో వాళ్ళ నాయనమ్మ మాట వింటూ "నాయనమ్మ ఆ గాడిదలా మాట్లాడుతోంది" అన్నాడు. మా అమ్మకి వినపడింది. నవ్వింది గానీ తర్వాత మావాడితో మాట్లాడినప్పుడల్లా మాట మార్చి, పేపర్ చదివినట్టు మాట్లాడుతోంది. నాకు అది మహా కష్టంగా ఉంది. మా అమ్మ అసలు మాట నా కొడుక్కి దక్కట్లేదు.

బాగేపల్లి_బస్సు
యాస అన్నారు కాబట్టి మాదీ రాస్తాను. మేము బెంగళూరుకి వలస వచ్చినవాళ్ళం కాదు, మా తాత ముత్తాతలు ఈ చుట్టుపక్కలే. మాది తెలుగే, ఇంట్లో తెలుగే, కానీ "ఊట అయిందా" అని, భోజనం అయిందా అనడానికి కన్నడ మాటే అలవాటుగా వచ్చేస్తుంది. మీరంతా మమ్మల్ని కన్నడ వాళ్ళు అనుకుంటారు, వాళ్ళు తెలుగు వాళ్ళు అనుకుంటారు. మా తెలుగు మాట్లాడే పాత్ర నేను తెర మీద ఇంతవరకు చూడలేదు, హాస్యానికి కూడా పెట్టలేదు.

అసలు విషయానికి వస్తే, నల్ల హీరోల కోసం దూరం వెళ్ళక్కర్లేదు. మన కర్ణాటకలోనే ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపుర, హళియాళ వైపు సిద్దీలు ఉన్నారు. వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు, చాలామందిని బానిసలుగా తెచ్చారు. ఇప్పుడు కొంకణి, కన్నడ మాట్లాడుతూ ఆ అడవుల్లోనే ఉంటారు. 2003లో ఎస్టీ జాబితాలోకి వచ్చారు, 2020లో శాంతారామ సిద్ది గారు శాసనమండలికి వెళ్ళారు. మా ఆఫీసులో సిద్దీ కుర్రాడు ఉన్నాడు. ఆటోవాడు రోజూ ఇంగ్లీష్‌లో "ఏ దేశం" అని అడుగుతాడు, ఇతను చక్కటి కన్నడలో "ఇదే దేశం అన్నా" అంటాడు. సముద్రం మీద ఓడలో వచ్చిన ముత్తాత కథ ఉంది వాళ్ళ దగ్గర, అంతకన్నా సాహసం ఏం కావాలి?

తూకం_రాళ్ళు
నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, తిట్టకండి. ఈ మధ్య ఓటీటీలో పిల్లల సినిమా ఏది పెట్టినా పోస్టర్ మీద ఒక నల్ల పిల్లాడు, ఒక చైనా ముఖం, ఒక వీల్‌చైర్, వరసగా నిలబెట్టి ఉంటారు. కథలో వాళ్ళకి పని ఉండదు. సరుకుల చీటీలో టిక్ పెట్టినట్టు. అది చూసి మా అమ్మాయి "ఈ వీల్‌చైర్ అబ్బాయి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడేంటి, వీడికి కోపం రాదా" అంది. పదేళ్ళ పిల్లకి తెలిసిపోయింది అది బొమ్మ అని. ఇలాంటివి పెట్టడం కన్నా పెట్టకపోవడమే నయం.

చిన్నోడి_అమ్మ
తూకం_రాళ్ళు గారూ, పెట్టకపోవడమే నయం అనకండి. సరిగ్గా పెట్టమని అడగండి.

మా చిన్నోడికి ఆరేళ్ళు. ఎడమకాలు మోకాలి కింద కృత్రిమ కాలు. మేము కొన్న సినిమాల్లో సగం అలాంటి కాలు ఉన్నవాడు సముద్రపు దొంగ, మిగతా సగంలో బిచ్చగాడు. హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్ 2010లో వచ్చిన మొదటి భాగం ఏమీ తెలియకుండా పెట్టాను. అందులో డ్రాగన్‌కి తోక రెక్కలో ఒక వైపు ఉండదు, ఆ కుర్రాడు తోలుతో చేసి అమరుస్తాడు, ఇద్దరూ కలిస్తేనే ఎగరగలరు. అక్కడే మావాడు వచ్చి నా ఒళ్ళో కూర్చున్నాడు. చివర్లో పెద్ద యుద్ధం అయ్యాక కుర్రాడు మంచం మీద లేస్తాడు, దుప్పటి తీస్తే ఒక కాలు లేదు, దాని చోట ఇనుముతో చేసిన కాలు. దిగి ఒక అడుగు వేసి తూలిపోతాడు, డ్రాగన్ తల ఆనించి పట్టుకుంటుంది. ఎవరూ ఏడవరు. తలుపు తీసి బయటికి వెళ్ళి మళ్ళీ ఎగురుతాడు.

మావాడు ఆ ఒక్క ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని చూశాడు. నాలుగోసారి తన కాలు తీసి పక్కన పెట్టుకుని చూశాడు. మర్నాడు స్కూల్‌కి షార్ట్స్ వేసుకుంటానన్నాడు. రెండేళ్ళుగా ఎండాకాలంలో కూడా ఫుల్ ప్యాంట్ తప్ప వేసుకోనివాడు.

కోరమంగల_కోడలు
ఈ పోస్ట్ మా ఆయనకి చదివి వినిపించాను, ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. బాబుకి ముద్దులు.

తూకం_రాళ్ళు
చిన్నోడి_అమ్మ గారూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పెట్టకపోవడం నయం కాదు.

గోధుమరంగు
తూకం_రాళ్ళు అన్న చెప్పినదాంట్లో నిజం ఉంది, టిక్ పెట్టడానికీ నిజంగా చూపించడానికీ తేడా ఎక్కడ వస్తుందో కోకో సినిమాలో తెలిసింది నాకు. 2013లో ఆ సినిమా పని జరుగుతుండగా డిస్నీ కంపెనీ వాళ్ళు మెక్సికో వాళ్ళ పితృదేవతల పండగ పేరునే ట్రేడ్‌మార్క్ చేసుకోబోయారు. మన మహాలయ అమావాస్యని ఎవరో వచ్చి వాళ్ళ పేరు మీద రిజిస్టర్ చేసుకున్నట్టు. జనం తిరగబడితే మానుకున్నారు. లాలో అల్కారాజ్ అనే కార్టూనిస్టు దాని మీద గట్టిగా బొమ్మ వేశాడు. తర్వాత ఆయన్నే పిలిచి సలహాదారుగా పెట్టుకున్నారు. 2017లో సినిమా వచ్చింది, చూసిన మెక్సికో వాళ్ళు తమ ఇల్లే అన్నారు. ఆ ముసలమ్మ ముఖం మీద ముడతలు చూశారా, మా అమ్మమ్మే.

రెండోఆట
కోకో చూసి నేను ఏడ్చాను, అది ఒప్పుకోవడానికి సిగ్గు లేదు.

నల్లబల్ల
ఇరవై రెండేళ్ళుగా ప్రైమరీ టీచర్ని. అమ్మ గారి మొదటి ప్రశ్నకి ఇంకా ఎవరూ నేరుగా జవాబు చెప్పలేదు, నాకు తోచింది చెప్తాను.

వార్షికోత్సవం నాటకాల్లో తెల్లగా ఉన్న పిల్లని రాణి, నల్లగా ఉన్న పిల్లని చెట్టు చెయ్యడం నేనూ చేశాను, నాకు తెలియకుండానే. ఒకసారి రెండో తరగతి పిల్ల వచ్చి "మిస్, నేను మూడేళ్ళ నుంచి చెట్టునే" అంది. లెక్క చూసుకుంటే నిజమే, ఎల్‌కేజీ నుంచి చెట్టే. ఆ రోజు నుంచి చీటీలు వేస్తున్నాను. రాణి ఎవరికి వస్తే వాళ్ళే రాణి, అబ్బాయికి వస్తే అబ్బాయే. తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారు, చెయ్యనివ్వండి. చీటీలు వేశాక పిల్లల నటన చూడాలి మీరు, తెలుపు రాణి కంఠస్థం పట్టి అప్పజెబుతుంది, ఎప్పుడూ వేషం రాని పిల్లకి వస్తే వేదిక అదిరిపోతుంది.

ఆ దోసె పిల్లని తిట్టకండి, వాళ్ళ అమ్మతో మాత్రం మాట్లాడండి. మీ పాపని "నువ్వు నల్లగా లేవు" అని మాత్రం అనకండి, అది అబద్ధం, తనకి తెలుసు. నలుపే, నలుపైతే ఏంటి అన్నట్టు మాట్లాడండి. పిల్లలందరినీ ఒకసారి కూర్చోబెట్టి ఆ అడవి జాతి వాళ్ళు ఎందుకు అడ్డం వచ్చారో కథ చెప్పమనండి. నిధి వాళ్ళ ఊళ్ళోదే కదా, అడక్కుండా పట్టుకుపోతుంటే ఎవరు ఊరుకుంటారు? మా క్లాసులో ఇది చేయిస్తే ఒక పిల్లాడు లేచి "మిస్, అయితే హీరోనే దొంగ" అన్నాడు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
ఆ పిల్లాడికి ఎవరైనా డైరెక్షన్ అవకాశం ఇవ్వండి.

హొరమావు_అమ్మ
అందరివీ రెండేసిసార్లు చదివాను. ఈ వారం ఏం జరిగిందో చెప్తాను.

జుట్టు సంగతి చెప్పాను. పాప అద్దం ముందు నిలబడి ఒక రింగు పట్టుకుని లాగింది, వదిలింది, లాగింది, వదిలింది. "ఇది కంప్యూటర్‌కి రాదా?" అంది. రాదు, చాలా కష్టపడాలి అన్నాను. పడుకునేదాకా లాగుతూనే ఉంది.

రంగు సంగతి నేను చెప్పలేదు, మా అత్తగారు చెప్పారు. ఫోన్‌లో విషయం విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పాపని పిలవమని, "నా రంగు నీకు ఇచ్చానే, బాలేకపోతే తిరిగి ఇచ్చెయ్, నేను ఉంచుకుంటా" అన్నారు. పాప ఆలోచించి "ఇవ్వను నానమ్మా" అంది. ఆవిడకి కూడా పెళ్ళిచూపుల్లో రెండు సంబంధాలు రంగు చూసి తప్పిపోయాయట, పెళ్ళయి పన్నెండేళ్ళు అయినా ఆ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు.

దోసె పిల్ల వాళ్ళ అమ్మతో లిఫ్ట్ దగ్గర మాట్లాడాను. మొదట "పిల్లలు కదా అండీ" అంది. సబ్బు సంగతి చెప్పాక ఏమీ అనలేదు. సాయంత్రం ఇంటికి వచ్చింది. వాళ్ళ పాప సారీ చెప్పలేదు, చెప్పమని నేనూ అడగలేదు. ఇద్దరూ ఏసీ వచ్చిన పెద్ద అట్టపెట్టె తీసుకుని బాల్కనీలో పడవ చేశారు. దారి చూపేది ఎవరు అని చీటీలు వేశారు, దోసె పిల్లకే వచ్చింది. మా పాప తాడు పట్టుకునే పని తీసుకుంది. నిద్రపోకూడదని రాత్రి తొమ్మిది దాకా ఆ పెట్టెలోనే కూర్చుంది.

క్లబ్‌హౌస్‌లో వచ్చే రెండు శనివారాలకి సినిమా పేర్లు అడిగారు. ముందు మొవానా, తర్వాత డ్రాగన్ది రాశాను. చిన్నోడి_అమ్మ గారూ, మీరు దగ్గర్లో ఉంటే బాబుని తీసుకురండి.

చిన్నోడి_అమ్మ
మేము రామమూర్తి నగర్, పది నిమిషాలు. క్లబ్‌హౌస్‌కి మెట్లు ఎన్ని?

హొరమావు_అమ్మ
రెండో అంతస్తు, లిఫ్ట్ ఉంది. కానీ లిఫ్ట్ నుంచి హాల్లోకి మూడు మెట్లు ఉన్నాయి, ఇప్పుడే వెళ్ళి చూసి వచ్చాను. ఇన్నేళ్ళుగా ఎక్కుతున్నా, ఉన్నాయని ఎప్పుడూ గమనించలేదు. సెక్రటరీ గారికి ర్యాంప్ గురించి ఈ రాత్రే మెసేజ్ పెడుతున్నాను.

రెండోఆట
మా తమ్ముడికి ప్లైవుడ్ షాపు ఉంది, హెణ్ణూరు మెయిన్ రోడ్డులో. మెట్ల ఎత్తు, వెడల్పు కొలిచి పంపండి మేడమ్, శనివారం లోపు చేయించి నేనే తెస్తాను.